కట్టె కాని కట్టె

సింగారంపేట పురపాలక సంఘం పరిధిలో 'కట్టె' అంటే ఏమిటో తేల్చడానికి ఏడుగురు సభ్యులతో ఒక ఉపసంఘం వేశారు. అందులో ఇద్దరు ఇంజినీర్లు, ఒక లెక్చరరు, ఒక న్యాయ సలహాదారు, ఇద్దరు కౌన్సిలర్లు, ఫోటోలు తీసే ఒకాయన ఉన్నారు. వడ్రంగి మాత్రం లేడు. నాలుగు సమావేశాలు, నాలుగు భోజనాల తర్వాత ఉపసంఘం ఒక నిర్వచనం సమర్పించింది. "చెట్టు నుండి వేరుపడి, ఎట్టి కర్మాగార ప్రక్రియకూ లోనుగాక, సహజ స్థితియందున్న దారువును మాత్రమే కట్టెగా పరిగణించవలెను." మిగిలినదంతా కట్టె కాదు.

దీని వెనుక ఒక సదాశయం ఉంది. ఆ ఏడాది 'కట్టె కాలని పట్టణం' అనే బిరుదు కోసం పురపాలక సంఘాల మధ్య పోటీ పెట్టారు. గెలిచిన ఊరికి షీల్డు, ఆ ఊరి కమిషనర్‌కు ప్రశంసాపత్రం. సింగారంపేట కమిషనర్ నిరంజన్ ప్రసాద్ గారి గదిలో ఇప్పటికే పదకొండు ప్రశంసాపత్రాలు వేలాడుతున్నాయి. డజను పూర్తి కాకపోవడం ఆయన్ని లోలోపల తినేస్తోంది.

మొదట పొయ్యిలనే నిషేధిద్దామనుకున్నారు. సగం ఇళ్లలో కట్టెల పొయ్యి ఉందనీ, ఆ ఇళ్లన్నిటిలో ఓట్లు ఉన్నాయనీ కౌన్సిలర్లు గుర్తు చేశారు. దాంతో పొయ్యి ఉండవచ్చు, నిప్పు ఉండవచ్చు, కట్టె మాత్రం ఉండరాదు అని తీర్మానించి చప్పట్లు కొట్టారు.

వీరోజు సోమాచారికి ఈ తీర్మానం సంగతి తన ఇంటి పొయ్యికి సీలు పడిన రోజున తెలిసింది.

సోమాచారి వడ్లాయన. పాత బస్టాండు వెనుక, ఇంటిని ఆనుకునే ఉన్న రేకుల షెడ్డులో దర్వాజాలు, కిటికీలు, మంచాలు చేస్తాడు. షెడ్డులో ఒక మూల తుమ్మ, వేప, టేకు ముక్కల కుప్ప ఉంటుంది. అది ఇంటి పొయ్యికి. ఇంకో మూల ప్లైవుడ్డు, రంపపు పొట్టుతో అచ్చుపోసిన బోర్డు, రంగు వేసిన పాత తలుపుల తుక్కు ఉంటాయి. అది చెత్త బండికి. ముప్పై ఏళ్లుగా ఆ రెండు కుప్పలూ కలవకుండా చూసుకుంటున్నాడు. ప్లైవుడ్డు కోసిన రోజు కళ్లు మండుతాయి, గొంతు గీరుకుపోతుంది. కోస్తేనే ఇలా ఉంటే కాలిస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆయనకు ఉపసంఘం అవసరం పడలేదు.

ఆయన భార్య భారతమ్మ సాయంత్రం ఐదింటికి ఇంటి ముందు పొయ్యి వెలిగించి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఇంట్లో గ్యాసు ఉంది. చాయకీ కూరకీ అది చాలు. జొన్నరొట్టె మాత్రం కట్టెల మంట మీదనే పొంగుతుందని ఆమె నమ్మకం. ఆ వీధి వీధంతా అదే నమ్మకంతో రోజూ ఆమె ముందు నిలబడుతుంది.

ఆ రోజు మూడో రొట్టె పెనం మీద ఉండగా శానిటరీ ఇన్‌స్పెక్టర్ లింబాద్రి వచ్చాడు. చేతిలో లక్క, కొవ్వొత్తి, ఎర్ర గుడ్డ పేలిక ఉన్నాయి.

"అక్కా, పొయ్యిల ఏం బెట్టినవ్?" అన్నాడు.

"కట్టెలు. పొయ్యిల కట్టెలు గాక ఇంకేం బెడ్తరు సారూ?"

లింబాద్రి ముఖం వాడిపోయింది. ఆయన కూడా రోజూ నాలుగు రొట్టెలు కట్టించుకుపోయే మనిషే. "అయ్యో, నువ్వే ఒప్పుకుంటివి గదక్కా. ఇగ నేను రాసుకోక తప్పదు."

పెనం మీది రొట్టె కాలేదాకా ఆగాడు. దాన్ని తిన్నాడు. తర్వాత పొయ్యి నోటికి ఎర్ర గుడ్డ కట్టి, ముడి మీద లక్క పోసి, ముద్ర వేశాడు.

చప్పుడు విని సోమాచారి షెడ్డులోంచి వచ్చాడు. "ఏంది లింబాద్రి సారూ, పొయ్యికి సీలేంది? ఏం నేరం జేసింది?"

"పొయ్యి మంచిదే చారీ. దాంట్ల ఉన్నది మంచిది గాదు. తుమ్మకట్టె గది." లింబాద్రి చూపు షెడ్డులోని రెండో కుప్ప మీద పడింది. "మరి ఇన్ని ప్లైవుడ్డు ముక్కలు ఇంట్ల వెట్టుకొని తుమ్మ ఎందుకు కాలుస్తున్నరు? గియి గాల్సుకోండ్రి."

"గియ్యా? గియి చెత్తబండికి ఏసేటియి. అంత జిగురు, మందు. పొయ్యిల వెడితె మనిషి బతుకడు."

"గది నీ అభిప్రాయం. మా తాన పుస్తకం ఉన్నది." లింబాద్రి సంచిలోంచి పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. "నాలుగో పేజీ. ప్లైవుడ్డు కట్టె గాదు, ఉత్పత్తి. దాన్ని కాలిస్తె కట్టె కాల్చినట్టు గాదు. నువ్వు కట్టె గానిదాన్ని కాలుస్తనని కాయితం రాసిస్తె సీలు తీసేస్త."

సోమాచారి రాయనన్నాడు. రెండు రోజులు పొయ్యి వెలగలేదు. గిరాకీలు వచ్చి ఎర్ర గుడ్డను చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగి పోయారు. మూడో రోజు సోమాచారి ఒక ఇంటి తలుపు బిగించడానికి పోయినప్పుడు భారతమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది. లింబాద్రి సీలు తీశాడు. ఆమె షెడ్డులోంచి నాలుగు ప్లైవుడ్డు ముక్కలు తెచ్చి పొయ్యిలో పెట్టింది.

సోమాచారి తిరిగొచ్చేసరికి భారతమ్మ గడప మీద కూలబడి ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది, మాట రావడం లేదు. పెనం మీద రొట్టె జిగురు వాసన వేస్తోంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు వీధి వినేలా అరిచాడు. ఆమె మీద కాదు, పొయ్యి మీద. నీళ్లు కుమ్మరించి మంట ఆర్పి, ఆమెను ఆటోలో ఎక్కించుకుని బస్తీ దవాఖానాకు పోయాడు.

అక్కడ డాక్టర్ నౌషీన్ అనే ఆమె ఉంది. వయసు చిన్నది. ఆ వారం అలాంటి దగ్గు, కళ్ల మంటల కేసులు చూసీ చూసీ ఆమె కళ్లు కూడా ఎర్రబడ్డాయి.

"ఏం కాల్చారమ్మా?" అని అడిగి, జవాబు రాకముందే, "ప్లైవుడ్డే కదా!" అంది. ముక్కుకు మందు ఆవిరి పెట్టించి సోమాచారి వైపు తిరిగింది. "మీరు వడ్రంగి, మీకు తెలుసు. ఆ జిగురు కాలితే వచ్చే గాలి కళ్లను, ఊపిరితిత్తులను గీకేస్తుంది. పాత రంగు వేసిన తలుపులైతే సీసం. చెదలు పట్టకుండా మందు తాపిన కర్రలైతే అసలు వాటి జోలికే పోవద్దు. కొన్నింట్లో పాషాణం ఉంటుంది. దాని పొగే కాదు, బూడిద కూడా విషమే."

"గీ మాట కాయితం మీద రాసియ్యమ్మా. కమిషనర్ సారుకు ఇస్త."

ఆమె రాసిచ్చింది. ఒక్క మాట కూడా దాచలేదు.

* * *

కమిషనర్ గారు లేఖ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"డాక్టరు గారు 'పొగ' అనే పదం వాడారు. పొగ అంటే కట్టె కాలగా వచ్చునది. ఈ పట్టణంలో కట్టె లేదు. కావున ఇది పొగ కాజాలదు."

"మరి ఏంది సారూ అది?"

"ఉత్పత్తి యొక్క వాయురూపం."

"దాంతోటి మా ఇంటామె మూడు రోజులసంది దగ్గుతున్నది."

"దగ్గు వ్యక్తిగతమైన విషయం. పౌరుల వ్యక్తిగత విషయాలలో జోక్యం చేసుకోవడం మా విధానం కాదు."

సోమాచారి చేతులు జోడించాడు. తనకు తెలిసిన విద్యనంతా పోగుచేసుకుని నెమ్మదిగా చెప్పాడు. "సారూ, చెక్కలన్ని ఒక్కతీరుగ ఉండయి. ఉత్త చెక్క వేరు. జిగురు వెట్టింది వేరు. రంగేసింది వేరు. మందు తాపింది అన్నిటికన్న వేరు. గీ తేడాలు మీ పుస్తకంల రాయిండ్రి. అంతకన్న ఏం అడుగ."

కమిషనర్ గారి ముఖం వెలిగిపోయింది. "వర్గీకరణ!" అని లేచి నిలబడ్డారు. "ఇంతమంది ఇంజినీర్లున్నారు, ఒక్కరికీ తట్టలేదు. మీ సూచన అభినందనీయం."

సోమాచారి ఇంటికి వచ్చి భార్యతో, "సారు మంచోడే, చెప్తె ఇన్నడు," అన్నాడు. ఆ సంతోషం రెండు రోజులుంది.

మూడో రోజు కొత్త ఉత్తర్వు వచ్చింది. అందులో సోమాచారి చెప్పిన తేడాలన్నీ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. క్రమం మాత్రం తలకిందులుగా ఉంది. కట్టె స్థితికి ఎంత దూరం జరిగితే అంత శ్రేష్ఠం అన్నారు. జిగురు పెట్టినది సి శ్రేణి. రంగు వేసినది బి శ్రేణి. మందు తాపినది కట్టె లక్షణాలను పూర్తిగా త్యజించినది గనుక 'ఏ' శ్రేణి. చివర, "ఈ వర్గీకరణ పట్ల వడ్రంగుల ప్రతినిధి శ్రీ సోమాచారి హర్షం వెలిబుచ్చినారు," అని కూడా ఉంది.

అదే సమయానికి పిల్లల పార్కుకు ఇనుప కంచె వేశారు. పాత కంచె కర్రలు మూడు ట్రాక్టర్ల నిండుగా మిగిలాయి. చెదలు పట్టకుండా కంపెనీలో మందు తాపిన కర్రలు. లోపలిదాకా లేత ఆకుపచ్చ రంగు ఎక్కి ఉంటాయి. వాటిని 'ఏ' శ్రేణి ఇంధనంగా ప్రకటించి, పేదలకు ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. మున్సిపల్ స్టోరులో పడున్న విరిగిన బీరువాలు, బల్లలు బి, సి శ్రేణుల కింద పోయాయి. పేట పైన పగలంతా ఒక ఘాటు వాసన కమ్ముకుని ఉండేది. కమిషనర్ గారి బంగళాలో కరెంటు పొయ్యి ఉంది కాబట్టి ఆ వాసన అక్కడిదాకా పోలేదు.

దవాఖానా రిజిస్టరు మున్సిపల్ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. 'వ్యాధి కారణం' అనే గడిలో డాక్టర్ నౌషీన్ నూట ఆరు చోట్ల 'పొగ' అని రాసింది. అన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన వాడదగిన మాటల జాబితా జతచేశారు. పూల పుప్పొడి, రుతువుల మార్పు, కుటుంబ కలహాలు. ఆమె ఆ జాబితాను ఫైలులో పెట్టి, నూట ఏడో మనిషికి మళ్లీ పొగ అనే రాసింది.

సోమాచారి ఇంటికి నాలుగిళ్ల అవతల సాయవ్వ అనే ముసలామె ఉంది. ఆమెకున్నది ఒక్క మేక. ఉచితంగా వచ్చిన పార్కు పచ్చకర్రలు కాల్చి, ఆ బూడిదను గోడ పక్కన పోసింది. ఉప్పగా ఉందనుకుందో ఏమో, మేక దాన్ని నాకింది. తెల్లవారేసరికి కాళ్లు చాపింది.

సాయవ్వ ఏడుపు విని వీధంతా చేరింది. లింబాద్రి వచ్చి పంచనామా రాశాడు. రాసింది చదివి వినిపించమంటే చదివాడు. "మృతి చెందిన మేక సదరు బూడిదను నాకుటకు ముందస్తు అనుమతి పొంది యుండలేదు."

"మేకకు అనుమతి ఎవలు ఇయ్యాలె సారూ?" అని సాయవ్వ ఏడుపు ఆపి అడిగింది.

లింబాద్రి పంచనామా కాగితంలో ఒక గడి చూపించాడు. "గీ గడిల ఏదో ఒకటి రాయాలె అవ్వా. ఖాళీ వదిలితె నా మీదికి వస్తది."

మరునాడు వార్డులో గోడగోడకూ ప్రకటన అంటించారు. "మేకలు బూడిద నాకరాదు. ఇట్లు, కమిషనర్." మేకలు దాన్ని చదివినట్టు దాఖలా లేదు. ఒకటి రెండు మాత్రం కాగితాన్ని తిన్నాయి.

* * *

ఆ వారంలోనే అంగన్‌వాడీ నుంచి సోమాచారికి కబురొచ్చింది. పొయ్యికి పట్టనంత పొడుగు కర్రలు వచ్చాయి, రంపం తెచ్చి కోసిపెట్టాలి అని.

పోయి చూస్తే వాకిట్లో పార్కు కర్రలు పేర్చి ఉన్నాయి. పక్క గదిలో ఇరవైమంది పిల్లలు కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకుంటున్నారు. వంట పొయ్యికీ పిల్లల చాపకూ మధ్య ఒక తడక అడ్డం, అంతే. సోమాచారి ఒక కర్ర ఎత్తి రంపం ఆనించాడు. కోసిన చోట పచ్చటి గీత కనిపించింది. ఆయన రంపం కింద పెట్టేశాడు. సాయవ్వ మేక కాళ్లు ఎలా చాపిందో కళ్లముందు ఆడింది.

"టీచరమ్మా, గియి ముట్టకుండ్రి."

టీచరు నిస్సహాయంగా ఉత్తర్వు చూపించింది. "పసిబాలల ఆరోగ్య పరిరక్షణ దృష్ట్యా అత్యంత శ్రేష్ఠమైన 'ఏ' శ్రేణి ఇంధనము పద్నాలుగు అంగన్‌వాడీ కేంద్రములకు కేటాయించడమైనది." సోమవారం నుంచి అమలు. వాడకపోతే వివరణ ఇచ్చుకోవాలి.

"దీనికన్న మంచిది దొరుకలేదా అని అడుగుతరు. ఏం చెప్పాలె?" అంది టీచరు.

సోమాచారి ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. "నేను పోయి చెప్పకపోతె వర్గాలు గిర్గాలు ఉండకపోవు. నా నోటితోనే పిల్లల మీదికి తెచ్చిన," అన్నాడు.

భారతమ్మకు గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "వాండ్లకు ఏది మంచిది? ఎక్కువ పనులు జరిగిందే మంచిది. అంతే గద?"

"అంతే."

"మరి మన తుమ్మకు గూడ నాలుగు పనులు జెయ్యి. కొయ్యి. రంద పట్టు. జిగురు కావాలంటరా? మైదాపిండి ఉడకబెడ్త. సినిమా కాయితాలు అంటిస్తలేరా దాంతోటి? పొయ్యిల కాలినా రొట్టె మాడినట్టే ఉంటది, మనిషికేం గాదు."

ముప్పై ఏళ్లు కట్టెకు నునుపు తెచ్చి బతికిన సోమాచారికి, పొయ్యిలో పెట్టే కట్టెకు రందాతో చిత్రిక పట్టడం అంటే సిగ్గుగానే అనిపించింది. ఆ సిగ్గును అన్నంతో పాటు మింగేసి లేచాడు.

దరఖాస్తు డాక్టర్ నౌషీన్ రాసిపెట్టింది. ఆఫీసు భాష ఆమెకు ఎర్ర సిరా పుణ్యమా అని బాగా వంటబట్టింది. మైదా అని రాస్తే తిరగ్గొడతారని, "గోధుమ మూలక సహజ పాలిమర్ బంధకము" అని రాసింది. తుమ్మకట్టె అనే మాట ఎక్కడా రాకుండా, "బహుళ ప్రక్రియా దారు సమ్మేళనము" అంది. రాస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు. సంతకం పెట్టాక మాత్రం బల్ల మీద తల వాల్చి భుజాలు కదిలేలా నవ్వింది.

శనివారం కమిషనర్ గారి బల్ల మీద సోమాచారి తన సమ్మేళనాన్ని పెట్టాడు. జానెడు పొడవు తుమ్మముక్క, నాలుగు వైపులా నునుపు, పైన తెల్లటి పూత.

"ఎన్ని ప్రక్రియలు?" అన్నారు కమిషనర్ గారు.

"కోత ఒకటి సారూ. రంద రెండు. బంధకం ఉడికించుడు మూడు. పూసుడు నాలుగు. ఆరబోసుడు అయిదు."

"'ఏ' శ్రేణిలో ఉన్నదానికి ఎన్ని?"

పక్కనున్న ఇంజినీరు కాగితం చూసి, "మందు తాపుట. ఒకటే సార్," అన్నాడు.

కమిషనర్ గారు సమ్మేళనాన్ని రెండు చేతులతో ఎత్తి, వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది కట్టె నుండి అయిదు అడుగులు దూరంగా ఉన్నది," అన్నారు మెల్లగా. "దీనిపై మన కార్యాలయపు ముద్ర పడితే ఆరవది అవుతుంది. దీనిని 'ఏ' శ్రేణిలో ఉంచుట దీనికి అవమానం. ఏ ప్లస్ ప్లస్ అని రాసుకోండి."

"మరి అంగన్‌వాడీలల్ల ఉన్న పచ్చకర్రలు సారూ?"

"పసిపిల్లలకు నాసిరకం ఇంధనమా? తక్షణం వెనక్కి రప్పించండి! ఎవరు కేటాయించారు వాటిని?"

కేటాయించిన ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఇంజినీరు బయటికొచ్చి, సంజాయిషీ కోరుతూ ఒక అటెండరుకు మెమో ఇచ్చాడు.

ఆదివారం సాయంత్రానికల్లా పచ్చకర్రలన్నీ మున్సిపల్ గోదాముకు చేరి, తాళం పడింది. ట్రాక్టరు వెంట సోమాచారి కూడా పద్నాలుగు కేంద్రాలూ, పచ్చకర్రలు పంచిన ఇళ్లూ తిరిగి, కర్రలు తానే లెక్కపెట్టుకుని ఎక్కించాడు. ఆ ఇళ్ల పొయ్యిల పక్కనున్న బూడిద సైతం సంచుల్లోకి ఎత్తించాడు. తాళం పడేదాకా అక్కడినుంచి కదల్లేదు.

* * *

ఆ తర్వాత సోమాచారి షెడ్డు ముందు వరుస మొదలైంది. జనం పొలాల గట్ల మీది తుమ్మ, వేప కొమ్మలు ఎండినవి తెచ్చుకునేవారు. ఆయన కోసి రందా పట్టేవాడు, భారతమ్మ మైదా పూసేది, లింబాద్రి ఎండలో కుర్చీ వేసుకుని ఒక్కొక్క ముక్క మీద ముద్ర కొట్టేవాడు. ముద్ర పడనంతవరకూ అది నేరం. పడ్డాక అది పురోగతి. పదిరోజుల్లో పేట మీది ఘాటు వాసన పోయింది. దవాఖానాలో దగ్గులు సగానికి సగం తగ్గాయి. పూల పుప్పొడి తగ్గుముఖం పట్టినట్టు ఆఫీసు ప్రకటన ఇచ్చింది.

మధ్యలో ఒక గండం వచ్చింది. మైదా ఇంట్లో ఉడికించేదేమిటి, కంపెనీ జిగురు వాడితే హుందాగా ఉంటుంది కదా అని కమిషనర్ గారికి ఆలోచన వచ్చింది. సోమాచారి తడుముకోలేదు. "కంపెనీ జిగురైతె ఉడికించే పని ఉండదు సారూ. ఒక ప్రక్రియ తక్కువైతది," అన్నాడు. కమిషనర్ గారు భయపడి ఆ ఆలోచన మానుకున్నారు.

పోటీ పరిశీలక బృందం ఢిల్లీ నుంచి వచ్చింది. అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ, తెలుగు రాదు. ఆమె ఆఫీసులో చూపించిన చార్టులు చూసి చూసి విసిగి, ఎవరిదైనా ఇంటి పొయ్యి చూపించమంది. కమిషనర్ గారు ఆమెను భారతమ్మ దగ్గరికి తీసుకొచ్చారు.

పొయ్యి హాయిగా మండుతోంది. అధ్యక్షురాలు పీట మీద కూర్చుని ఒక రొట్టె మొత్తం తింది. ఇంకొకటి అడిగి తీసుకుంది. తర్వాత పొయ్యి వైపు చూపించి హిందీలో ఏదో అడిగింది.

"ఏమి కాలుస్తున్నావని అడుగుతున్నారు," అన్నారు కమిషనర్ గారు. గొంతు తగ్గించి, "సమ్మేళనము అను," అన్నారు.

భారతమ్మకు సమ్మేళనం అనే మాట నోరు తిరగదు. తిరిగినా అబద్ధం ఆడే మనిషి కాదు. "తుమ్మకట్టె అమ్మా! నిజం చెప్తున్న. పైన ఇంత మైదా పూసినం, వీండ్ల బాధకు," అని గట్టిగా చెప్పింది.

లింబాద్రి ముద్ర జేబులో దాచుకున్నాడు. ఆ మొత్తం వాక్యంలో అధ్యక్షురాలికి అర్థమైన మాట ఒక్కటే.

"మైదా?" అంది కళ్లు పెద్దవి చేసి.

"మైదా," అన్నారు కమిషనర్ గారు, చెమట తుడుచుకుంటూ.

ఆమె చేతిలోని పుస్తకంలో ఆ మాట రాసుకుని, కింద రెండు గీతలు గీసింది.

సింగారంపేటకు మొదటి బహుమతి వచ్చింది. కమిషనర్ గారికి ప్రశంసాపత్రంతో పాటు ప్రమోషను కూడా వచ్చి వెళ్లిపోయారు. బృందం నివేదికలో, ఈ పట్టణం కట్టెలను పూర్తిగా విడనాడి మైదాపిండితో వంట చేసుకునే అపూర్వ దశకు చేరుకుందని రాశారు. నివేదిక మీద తదుపరి చర్యలు చకచకా జరిగాయి. మైదా ఇకపై ఇంధనం కనుక, లైసెన్సు లేకుండా దాన్ని నిల్వ చేయరాదనీ, ఆహారపదార్థంగా తినడం ఇంధన దుర్వినియోగం కింద వస్తుందనీ నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఇంధనం పూసిన ఇంధనం గురించి అందులో ఏమీ లేదు గనుక సోమాచారి జోలికి ఎవరూ రాలేదు. ఆయన పొద్దున దర్వాజాలు, మధ్యాహ్నం సమ్మేళనాలు చేసుకుంటూ, అంగన్‌వాడీలకు మాత్రం తానే మోసుకుపోయి ఇచ్చి వస్తున్నాడు. భారతమ్మ గొంతు బాగుపడింది. దవాఖానాలో డాక్టర్ నౌషీన్‌కు మధ్యాహ్నం భోజనం చేయడానికి తీరిక దొరుకుతోంది.

లింబాద్రికే తీరిక లేదు. ఒక సాయంత్రం అలసిపోయి వచ్చి భారతమ్మ ముందు కూలబడ్డాడు. చేతులకు లక్క మరకలు. పొద్దుటినుంచి రెండు బేకరీలకు, ఒక పరోటా హోటలుకు, ఒక మిఠాయి కొట్టుకు సీలు వేసి వస్తున్నాడు. పరోటా హోటలాయన కంటతడి పెట్టుకున్నాడట. ఇంధనాన్ని పెనం మీద వేసి ఇన్నేళ్లు జనానికి పెట్టినందుకు సంజాయిషీ రాసిమ్మంటే, ఏం రాయాలో తెలియక సంతకం మాత్రం పెట్టాడట.

"పొద్దుటిసంది కడుపుల ఏం లేదక్కా. రెండు రొట్టెలెయ్యి," అన్నాడు లింబాద్రి.

భారతమ్మ పిండి ముద్ద చేతిలోకి తీసుకుని ఆగింది. "సారూ, జొన్నపిండి మీద ఏమన్న కాయితం వచ్చిందా?"

లింబాద్రి ఆ ప్రశ్నకు నవ్వలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, లోపలున్న కాగితాలన్నీ ఒకటొకటిగా తిరగేసి చూశాడు.

"ఇంకా రాలేదక్కా," అన్నాడు.

ఆమె రొట్టె చేసి, కాల్చి, పెనం మీదినుంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితె జెల్ది తిను."